గాడిద చెప్పిన తోవ

రాజమణి గొంతు పోయిందన్న కబురు ఉప్పుగూడ బస్తీలో మొదట ఎవరూ నమ్మలేదు. ఏళ్ళ తరబడి సిటీ బస్సులో కండక్టరుగా చేసిన మనిషి. ఆమె ఫుట్‌బోర్డు మీద నిలబడి "అఫ్జల్‌గంజ్, అఫ్జల్‌గంజ్" అని ఒక్క కేక వేస్తే, రోడ్డుకు అవతల హోటల్లో చాయ్ తాగుతున్నవాడు కప్పు వదిలేసి పరుగెత్తుకొచ్చేవాడు. ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక బస్సులో కాలు పెట్టే సందు లేకుండా పోయింది. ఆ జనంలో ముందు సీటు నుంచి వెనక సీటు దాకా వినబడాలంటే గొంతు తప్ప ఆమెకు వేరే ఆయుధం లేదు. బస్తీలోనూ అంతే. నల్లా నీళ్ళు రాకపోయినా, కరెంటు పోయినా, రేషన్ దుకాణంలో తూకం తగ్గినా జనం ముందు తట్టేది రాజమణి తలుపే.

అలాంటి గొంతు ఒక్క పొద్దుటితో పోయింది. అదెలా పోయిందో చెప్పాలంటే వంశీధర్ గేటు సంగతి చెప్పాలి.

బస్తీకీ రైల్వే స్టేషనుకూ మధ్య ఒక ఖాళీ జాగా ఉండేది. ఒకప్పుడు అక్కడ బియ్యం గోదాం ఉండేదట. గోడలు కూలిపోయి, తుమ్మచెట్లు మొలిచి, వాటి మధ్య నుంచి జనం నడిచి నడిచి ఒక తోవ పడింది. పనులకు పోయే ఆడవాళ్ళు పొద్దున రైలు అందుకునేది ఆ తోవనే. పట్టాల అవతల బడికి పిల్లలు పోయేది ఆ తోవనే. రాజమణి అత్త బుచ్చమ్మ ఆదివారం చర్చికి పోయేదీ అదే. కాగితాల్లో మాత్రం తోవ లేదు, జాగా మాత్రమే ఉంది. ఆ జాగా వంశీధర్ కొన్నాడు. చుట్టూ గోడ లేపి, లోపల ఫంక్షన్ హాలు కట్టి, బస్తీ వైపు మనిషికి రెండింతల ఎత్తున గేటు పెట్టాడు. ఇక స్టేషనుకు పోవాలంటే మెయిన్ రోడ్డు ఎక్కి, మురికినీటి నాలా పక్కనుంచి చుట్టు తిరిగి పోవాలి. వాన పడితే ఆ నాలా పొంగి రోడ్డు మీదికి వస్తుంది. బుచ్చమ్మకు మోకాళ్ళ నొప్పులు. గేటు పెట్టిన నాటి నుంచి ఆమె చర్చి మానేసింది.

రాజమణి ఊరుకునే మనిషా! ఒక ఆదివారం పొద్దున బస్తీని వెంటేసుకుని గేటు ముందుకు పోయింది. గేటు మూసి ఉంది. చేతులతో బాదారు, తిట్టారు, నినాదాలిచ్చారు. అందరికంటే పైన వినబడింది రాజమణి గొంతే. ఇంతలో వెనకనుంచి ఎవరో రాయి విసిరారు. గేటు స్తంభం మీది దీపం భళ్ళుమంది. అవతల ఎవరో ఫోన్లో అంతా తీస్తూనే ఉన్నారు. ఇంకేముంది, పోలీసులొచ్చారు. రాజమణిని ఇంటికి పిలుచుకుపోదామని వచ్చిన భర్త ఇస్సాకునూ పట్టుకుపోయి స్టేషన్లో బెంచీ మీద కూర్చోబెట్టారు. రైల్వేలో పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి ఇస్సాకు. ఎవరితోనూ ఎన్నడూ గట్టిగా మాట్లాడి ఎరుగడు. మధ్యాహ్నం దాకా ఆ బెంచీ మీద తల వంచుకుని కూర్చున్న అతన్ని చూసి రాజమణికి కడుపు రగిలిపోయింది. చివరికి, ఇంకోసారి గేటు దగ్గర లొల్లి చేయనని ఆమె చేత సంతకం పెట్టించుకుని ఇద్దర్నీ వదిలారు.

మర్నాడు పొద్దున లేచి నోరు తెరిస్తే మాట రాలేదు. చింపిన గుడ్డలాంటి చప్పుడొకటి వచ్చింది. డాక్టరు గొంతులోకి గొట్టం పెట్టి చూసి, లోపల వాచిందని, నెల రోజుల పాటు మాట్లాడకూడదని, గుసగుస కూడా పనికిరాదని చెప్పాడు.

"లేకుంటే ఎప్పటికీ గింతేనా సార్?" అని ఇస్సాకు అడిగాడు.

"ఎప్పటికీ ఇంతే," అన్నాడు డాక్టరు.

మాట లేని కండక్టరు బస్సులో ఏం పనికొస్తుంది? డిపోలో ఆమెను పోయిన సామాన్ల గదిలో కూర్చోబెట్టారు. మెట్ల కింద చిన్న గది అది. బస్సుల్లో జనం మరచిపోయినవన్నీ అక్కడికి చేరతాయి. గొడుగులు, టిఫిన్ డబ్బాలు, ఒంటి చెప్పులు, పెళ్ళికార్డుల కట్ట, ఎవరివో కట్టుడు పళ్ళు కూడా. ఎవరైనా వచ్చి ఆనవాలు చెబితే వెతికి ఇవ్వడమే పని. చాలాసేపు ఎవరూ రారు. రాజమణి కాళ్ళు ఊపుకుంటూ కూర్చుని, వంశీధర్‌ను మనసులో తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టుకునేది. గొంతులో మంట తగ్గుతున్నా, గుండెలో మంట రోజురోజుకీ పెరిగింది.

ఆ గదిలోనే ఆమెకు ఆ పుస్తకం దొరికింది. అట్ట పసుపుపచ్చగా ఉంది. దాని మీద ఇసుక మూటలు మోస్తూ, సగం కళ్ళు మూసుకున్న ఒక గాడిద. దాని ముందు తాడు పట్టుకుని, నాలుక బయటపెట్టి లాగుతున్న ఒక మనిషి. పైన 'తొందరేముంది గాడిదా!' అని పేరు. లోపల పేజీకి ఒక బొమ్మ, కింద నాలుగు మాటలు. చిన్నపిల్లల పుస్తకమనుకుని తెరిచింది.

తొందరయ్య అనే ఆయన ఏటి నుంచి ఇసుక తెచ్చి ఊళ్ళో అమ్ముతాడు. ప్రతి పేజీలోనూ త్వరగా చేరాలని ఏదో ఒకటి చేస్తాడు, ప్రతిసారీ ఆలస్యంగా చేరతాడు. అడ్డతోవలో పోయి ముళ్ళలో పడతాడు. బరువు తగ్గుతుందని ఒక మూట తన నెత్తిన పెట్టుకుని, తాను ఎక్కి గాడిద మీద కూర్చుంటాడు. ఆ బొమ్మ చూసి రాజమణికి నవ్వొచ్చింది. గట్టిగా నవ్వకూడదు కనుక భుజాలు మాత్రమే ఊగాయి. ఒక చోట, ఈ గాడిదకు తెలిసినదాన్నే పూర్వం చైనా పెద్దలు తావో అన్నారని, తావో అంటే దారి అని రాసి ఉంది. "మన తోవ కూడా అలాగే వినబడుతుంది, అర్థమూ అదే. ఎవరిది ఎవరు ఎత్తుకెళ్ళారో గాడిదను అడగండి" అని రచయిత హాస్యమాడాడు.

మధ్యాహ్నం చాయ్ గ్లాసుతో ఖయ్యూం భాయ్ వచ్చాడు. ఆమె ఎక్కే బస్సుకు డ్రైవరు.

"క్యా పఢ్‌రే రాజమణి బెహెన్?" అని, ఏం చదువుతోందో అడిగాడు.

ఆమె అట్ట చూపించింది.

"అరే, యే తో మేరా ఫోటో హై!" అని, ఆ గాడిద తన ఫోటోయేనని చెప్పి అతను నవ్వుకుంటూ పోయాడు.

పుస్తకం సగానికి వచ్చేసరికి రాజమణికి కోపం వచ్చింది. 'చేయకుండా చేయడం' అన్న భాగం అది. ఏరు పొంగింది. తొందరయ్య ఈదుకుంటూ పోదామని దిగి కొట్టుకుపోయాడు. గాడిద ఒడ్డున నిలబడి గడ్డి మేసింది. బలవంతం చేయకు, నీళ్ళలా ఉండు, అని కింద రాసి ఉంది.

నీళ్ళలా ఉండడమంటే ఏమిటి? ఊకోవడమేగా! రాజమణికి ఆ మాట పుట్టినప్పటి నుంచి వింటున్నట్టే అనిపించింది. కండక్టరు ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకడు జనంలో చెయ్యి వేస్తే, ఆమె వాణ్ణి కాలరు పట్టి కిందికి దించింది. అప్పుడు పక్కనున్న పెద్దాయన అన్న మాట, "ఊకో అమ్మా, ఊకో." పోలీస్ స్టేషన్లో సంతకం పెట్టించుకున్న రైటరు అన్న మాటా అదే. ఇప్పుడు చైనా నుంచి గాడిద కూడా వచ్చిందా ఊకోమని చెప్పడానికి! పుస్తకాన్ని టిఫిన్ డబ్బాల మధ్యకు విసిరేసింది.

మర్నాడు పొద్దున గదిలోకి రాగానే మళ్ళీ వెతుక్కుంది. తిట్టడానికైనా ఎదురుగా ఒకరుండాలి కదా.

ఆ సాయంత్రం పుస్తకం సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చింది. ఇస్సాకు తీసి పైకి చదవడం మొదలుపెట్టాడు. చదువుతూ చదువుతూ తనే నవ్వుకున్నాడు. పోలీస్ స్టేషన్ నుంచి వచ్చినప్పటి నుంచి అతను నవ్వడం అదే మొదలు. మంచం మీద పడుకున్న బుచ్చమ్మ చెవి ఇటు పెట్టింది.

"ఏందిరా అది? చీనోళ్ళ దేవుని బుక్కా?"

"దేవుడు గాదమ్మా, గాడిద."

బుచ్చమ్మ మోచెయ్యి ఊని లేచి కూర్చుంది. "మన ప్రభువు గూడ గాడిద మీదనే ఊరేగిండు గద. సదువు," అంది.

ఇస్సాకు చదివాడు. తొందరయ్య వరదకు అడ్డంగా గోడ కట్టిన కథ అది. "నీళ్ళు గోడతో వాదించవు. గోడ ఎక్కడో ఒకచోట తెరుచుకోక తప్పదని వాటికి తెలుసు. అక్కడికి పోయి కూర్చుంటాయి." రాజమణి అన్నం కలుపుతూ ఆ మాట విని, విననట్టే ముద్ద నోట్లో పెట్టుకుంది.

రెండు రోజుల తర్వాత డిపో నుంచి ఖయ్యూం భాయ్ బస్సులోనే ఇంటికి బయలుదేరింది. ప్రయాణికురాలిగా సీట్లో కూర్చుని తన బస్సును చూడడం ఆమెకు కొత్త. అఫ్జల్‌గంజ్‌లో తోపుడు బళ్ళు, ఆటోలు, రిక్షాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిలిచిపోయాయి. అందరూ హారన్లు కొడుతున్నారు. ఖయ్యూం భాయ్ కొట్టలేదు. ముందున్న తోపుడు బండికి కొంచెం జాగా వదిలి ఆగాడు. బండి పక్కకు తిరిగింది, దాని వెనక ఆటో కదిలింది, ఆటో వదిలిన సందులోకి ఈయన బస్సును మెల్లగా జార్చాడు. ఎన్నేళ్ళుగానో అతని వెనక నిలబడి చూస్తున్నా, ఇది ఆమె గమనించనే లేదు. "భాయ్ జర నిదానం మనిషి" అని మాత్రమే అనుకునేది.

లోపల, ఆమె బదులు వచ్చిన కొత్త కండక్టరు పిల్ల జనాన్ని మోచేతులతో తోసుకుంటూ వస్తోంది. అందరూ తిడుతున్నారు. గట్ల కాదు బిడ్డా, అని రాజమణికి చెప్పాలనిపించింది. బ్రేకు పడ్డప్పుడు అందరూ ముందుకు వాలతారు, వాళ్ళ వెనక మనిషి పట్టేంత సందు వస్తుంది, అప్పుడు పోవాలె. అలా అనుకుని ఆమె ఉలిక్కిపడింది. ఇన్నేళ్ళ నౌకరిలో జనాన్ని తోసుకుని పోయిన రోజు తనకు ఒక్కటీ గుర్తు లేదు. తెరుచుకున్నప్పుడు పోయింది. దానికి ఊకోవడమని ఎవరూ పేరు పెట్టలేదు.

మరి వంశీధర్ గేటు ఎప్పుడు తెరుచుకుంటుంది? ఆ ప్రశ్న తట్టగానే ఆమెకు మళ్ళీ నవ్వొచ్చింది. అది జైలు కాదు, కోట కాదు, ఫంక్షన్ హాలు. అది బతికేదే గేటు తెరిచి. ఆదివారం మూసి ఉన్న గేటును పోయి బాదారు తాము. మూసిన గేటును బాదితే చేతులే నొస్తాయి.

పెళ్ళిళ్ళ కాలం నడుస్తోంది. మర్నాడు డ్యూటీకి బయలుదేరేముందు రాజమణి ఖాకీ యూనిఫాం వేసుకుని గేటు దగ్గరికి పోయింది. అక్కడి వాచ్‌మన్ నర్సింహ అదే బస్తీ మనిషి. ఆమెను చూడగానే అతని మొహం పాలిపోయింది.

"వదినా, నీకు దండం పెడ్త. మళ్ళ లొల్లి చెయ్యకు. నా నౌకరి పోతది."

ఆమె అరచెయ్యి చూపించి భయం లేదన్నట్టు తలూపింది. గేటుకు పక్కగా నిలబడింది. కాసేపటికి పూల వ్యాను వచ్చింది. నర్సింహ గేటు తెరవక తప్పలేదు. వ్యాను మెల్లగా లోపలికి పోయింది, దాని వెనకే రాజమణి కూడా పోయింది. పరుగు లేదు, దొంగచూపు లేదు. బండ్లు నిలిపే చోటు దాటింది, ఉల్లిగడ్డలు తరుగుతున్న వంటవాళ్ళను దాటింది. వెనక గోడకు గ్యాసు బండలు, కూరగాయల మూటలు తెచ్చేందుకు చిన్న తలుపుంది. అదీ తెరిచే ఉంది. ఆ తలుపు దాటితే ఎదురుగా స్టేషను.

ఆమెకు రైలుతో పని లేదు. ప్లాట్‌ఫారం దాకా పోయి, కాసేపు నిలబడి, వచ్చిన తోవనే తిరిగొచ్చింది.

"ఇగ అయిపాయె గద వదినా?" అన్నాడు నర్సింహ ఆశగా.

రాజమణి నవ్వింది. మర్నాడు మళ్ళీ వచ్చింది. ఆ మర్నాడు కూడా.

నాలుగోసారి ఆమె కోసం వంశీధరే గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ముప్పై ఐదేళ్ళవాడు, ఇస్త్రీ నలగని చొక్కా, మర్యాద తప్పని మాట. వాళ్ళ నాన్న గవర్నమెంటు ఉద్యోగం మీద గుడివాడ నుంచి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు. వంశీధర్ ఫోను ఎత్తి పట్టుకుని వీడియో తీయడం మొదలుపెట్టాడు.

"మేడమ్, మళ్ళీ మొదలుపెట్టారా? ఇది ప్రైవేట్ ప్రాపర్టీ అని మీకు ముందే చెప్పాం కదా?"

రాజమణి ఫోను వైపు చూసి, స్టూడియోలో ఫోటోకు నిలబడినట్టు కాలరు సర్దుకుంది. వేలితో గొంతు చూపించింది. తర్వాత స్టేషను వైపు చూపించింది.

"మాట్లాడండి మేడమ్. ఆ రోజు అంత మాట్లాడారు కదా! ఇప్పుడు మాట్లాడండి."

ఆమె నోటి నిండా మాటలున్నాయి. ఒక్కొక్కటీ మిరపకాయలాంటిది. వాటిని మింగడం వాపు కంటే ఎక్కువ నొప్పి పెట్టింది. కానీ అతని ముఖం చూస్తుంటే ఆమెకు ఒకటి అర్థమైంది. అతనికి తన అరుపు కావాలి. తను తిట్టాలి, గేటు మీద ఒక్క దెబ్బ వేయాలి, అది ఫోన్లో పడాలి. తన కోపమే అతని బలం. అది ఇవ్వకపోతే అతని చేతిలో మిగిలేది, యూనిఫాంలో నిలబడ్డ ఒక ఆడమనిషి బొమ్మ. ఆమె కదలకుండా నిలబడింది. వెనక డెకరేషన్ లారీ వచ్చి హారన్ కొట్టింది. వంశీధర్ అటు ఇటు చూశాడు. లారీ మళ్ళీ కొట్టింది. గేటు తెరుచుకుంది. లారీ పక్కనుంచి ఆమె నడుచుకుంటూ పోయింది.

ఆమె ఎవర్నీ పిలవలేదు, పిలవడానికి గొంతే లేదు. కానీ బస్తీకి కళ్ళున్నాయి. జనం వచ్చి ఇస్సాకును అడిగారు. అతను తన నెమ్మది గొంతుతో చెప్పాడు: "గేటు తెరిసినప్పుడు పోవాలె. మూస్తె పక్కకు నిలవడాలె. తిట్టొద్దు, రాయి పట్టొద్దు. గంతే."

"గిదేం కొట్లాటన్నా?" అన్నాడు టైలరు అనురాగ్.

"గాడిద కొట్లాట," అన్నాడు ఇస్సాకు.

వారం తిరిగేసరికి పనులకు పోయే ఆడవాళ్ళు, బడిపిల్లలు, రైలుకు పోయే గుమాస్తాలు గేటు పక్కన నిలబడడం మొదలుపెట్టారు. వంశీధర్ ఒక రోజంతా గేటుకు తాళం వేయించాడు. వంటసామాను బండ్లు రోడ్డు మీద నిలిచిపోయి, హాలు మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్ళు మూసేశారనుకుని వెనక్కి పోయారు. తాళం తీయక తప్పలేదు. తర్వాత దబీర్‌పురా నుంచి కండలు తిరిగిన ఇద్దరు కుర్రాళ్ళను తెచ్చి నిలబెట్టాడు. బుచ్చమ్మ కర్ర ఊనుకుంటూ వచ్చి, ఒకని చెయ్యి పట్టుకుని "తిన్నవా బిడ్డా? మొకం పీక్కపోయింది" అంది. ఆ చెయ్యి విదిలించుకోవడం అతనికి చేతకాలేదు. ఆమె అదే చెయ్యి ఊతగా గేటు దాటింది.

ఇదంతా రాజమణికి తేలిగ్గా జరిగిందనుకుంటే పొరపాటు. కొన్ని సాయంత్రాలు ఆమె స్నానాలగదిలోకి పోయి, తువ్వాలు నోట్లో కుక్కుకుని కొరికేది. పుస్తకంలో గాడిద ఒడ్డున హాయిగా గడ్డి మేసింది కానీ, మనిషికి అది హాయిగా ఉండదని రచయిత రాయలేదు. 'నీకేం తెలుసు, ఇసుక మోసినావు గాని నౌకరి చేసినావా' అని గాడిదతో వాదులాడేది. అయినా పొద్దున కాగానే గేటు దగ్గరే ఉండేది.

ఒక ఆదివారం హాల్లో పెద్ద పెళ్ళి. గేటు రెండు తలుపులూ బార్లా తెరిచారు. సన్నాయి మోగుతోంది. బుచ్చమ్మ ఎన్నాళ్ళకో తెల్లచీర కట్టుకుని చర్చికి బయలుదేరింది. పక్కన రాజమణి. గుమ్మంలో పెళ్ళికూతురి తాతగారు పన్నీరుబుడ్డితో నిలబడి వచ్చినవాళ్ళందరి మీదా చల్లుతున్నాడు. బుచ్చమ్మ మీద కూడా చల్లాడు.

"రాండ్రి, రాండ్రి! టిఫిన్ చేసిపోండ్రి," అని ఆమెను కుర్చీలో కూర్చోబెట్టాడు.

ఎవరో ప్లేట్లో ఇడ్లీ, వడ తెచ్చి చేతికిచ్చారు. ముసలామె కాదనలేదు. అంతలో వంశీధర్ పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"సార్, వాళ్ళు మీ గెస్టులు కాదు సార్. బయటివాళ్ళు. ఏమ్మా, లేవండి!"

పెద్దాయన బుచ్చమ్మ వైపు తిరిగాడు. ఆమె వడ ముక్క నములుతూ తాపీగా చెప్పింది: "నిజమే నాయనా. నేను పెండ్లికి రాలే, చర్చికి పోతున్న. మా తోవ గిదే. ఈ బాబు గేటు పెట్టిండు. నువ్వు రమ్మంటివి, కూసుంటి."

"తోవకు గేటు పెట్టిండా?" పెద్దాయన వంశీధర్‌ను కిందినుంచి పైకి చూశాడు. "నా మనవరాలు అత్తగారింటికి పొయ్యే దినం బాబూ ఇది. ఇయ్యాల ఈ గుమ్మంల ఒక్కర్ని గూడ ఆపకు. ముసలమ్మ ఉసురు నాకు తగిలిపియ్యకు."

పెళ్ళివాళ్ళు నలుగురు మూగారు. సన్నాయివాళ్ళు ఆపి ఇటు చూశారు. వంశీధర్ చెవులు ఎర్రబడ్డాయి. బుచ్చమ్మ ప్లేటు ఖాళీ చేసి, చెయ్యి కడుక్కుని, పెద్దాయనను దీవించి, వెనక తలుపు గుండా చర్చికి పోయింది. ఆమె వెనక బస్తీ జనం పన్నీరు వాసనతో ఒక్కొక్కరుగా సాగిపోయారు.

మరునాడే పోలీస్ ఫిర్యాదు. ఎస్సై తనే గేటు దగ్గరికి వచ్చాడు. అప్పటికి నెల దాటింది. మెల్లగా మాట్లాడుకోవచ్చని డాక్టరు చెప్పాడు. రాజమణి ఆ అనుమతిని ఎవరి మీదా ఖర్చు పెట్టకుండా దాచుకుంది.

"మళ్ళ నువ్వేనా అమ్మా?" అన్నాడు ఎస్సై. "లొల్లి చెయ్యనని సంతకం పెట్టినవ్ గద."

"లొల్లి చెయ్యనని పెట్టిన సార్," అందామె. గొంతు తనదైనట్టు లేదు, లోతుగా, బరువుగా వచ్చింది. వినడానికి ఎస్సై ముందుకు వంగవలసి వచ్చింది. "నడవనని పెట్టలే."

"అది ఆయన జాగ."

"జాగ ఆయనదే. ఎవరు గాదన్నరు? తోవ మాది."

"కేసయితది, చూస్కో. నౌకరి ఉన్నదానివి."

"కానియ్యుండ్రి. కోర్టుకు పోవాలన్నా రైలెక్కాలె గద సార్. గీ తోవలనే పోత."

ఎస్సై మీసం సవరించుకునే నెపంతో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. పక్కన బడిపిల్లలు సంచులతో, ఆడవాళ్ళు టిఫిన్లతో, ఒక్క మాట లేకుండా నిలబడి ఉన్నారు. ఎవరి చేతిలోనూ రాయి లేదు. ఎవర్ని పట్టుకుపోవాలి? అతను వంశీధర్‌ను పక్కకు పిలిచి చాలాసేపు మాట్లాడాడు.

పది రోజులకు పడమటి గోడ పొడవునా రేకులు నిలబెట్టి, ఇద్దరు మనుషులు పక్కపక్కన నడిచేంత సందు వదిలాడు వంశీధర్. సైకిలు పడుతుంది, స్కూటరు పట్టదు. కాగితం మీద మాత్రం ఏమీ రాసివ్వలేదు. "ఇది నా మంచితనం మేడమ్, హక్కు కాదు, గుర్తుపెట్టుకోండి," అన్నాడు. రాజమణి సందులోకి నడిచి చూసుకుంది.

"గింతేనా అక్కా?" అని అనురాగ్ నిరాశపడ్డాడు. "గేటు పీకిపిస్తమనుకున్న."

"పీకిపిస్తె మళ్ళ పెడ్తడు. నడువు," అందామె.

రాజమణి మళ్ళీ బస్సెక్కింది. ఇప్పుడామె అరవదు. మెల్లగా చెబుతుంది, వినడానికి జనమే నోరు మూసుకుంటున్నారు. ఆ పుస్తకాన్ని బస్తీలో ఒకరి తర్వాత ఒకరు అడిగి తీసుకుపోయారు. ప్రస్తుతం నర్సింహ దగ్గరుందని వినికిడి.

రేకుల సందు మొదలై నెల కాకముందే, ఒక పొద్దున దాని నిండా విరిగిన ప్లాస్టిక్ కుర్చీలు దొంతరలుగా పేర్చి ఉన్నాయి. మనిషి దూరే వీలు లేదు. స్టేషనుకు బయలుదేరినవాళ్ళు మొదట్లోనే ఆగిపోయి గుసగుసలాడుతున్నారు. కబురు విని రాజమణి వచ్చింది. గేటు దగ్గర వంశీధర్ కారు దిగుతున్నాడు.

"స్టోర్ రూమ్ నిండిపోయింది మేడమ్. రెండ్రోజులే. సర్దుకోండి."

వెనక ఎవరో పళ్ళు కొరికిన చప్పుడైంది. రాజమణి గొంతులోనూ పాత కేక ఒకటి లేచింది. దాన్ని అక్కడే ఆగనిచ్చింది. దొంతర మీది నుంచి కాస్త గట్టిగా ఉన్న కుర్చీ ఒకటి తీసి, తెరిచి ఉన్న గేటులో నట్టనడుమ వేసి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని కూర్చుంది. రోడ్డు మీద వంటసామాను బండి వచ్చి ఆగింది. దాని వెనక ఇంకొకటి.

"మేడమ్, ఏం చేస్తున్నారు?"

"ఏం చేస్తలేను," అంది రాజమణి. "నాకియ్యాల వీక్లీ ఆఫ్. మీకు?"

బుచ్చమ్మ కర్రతో ఇంకో కుర్చీని దొంతర మీంచి లాగుతోంది. అది రావడం లేదు. నర్సింహ ఒకసారి యజమాని వైపు, ఒకసారి ముసలామె వైపు చూసి, వెళ్ళి కుర్చీ తీసి వేశాడు.